నోటి వాసన పోవాలంటే మౌత్‌వాష్ ఎలా వాడాలి?

మా మేనమామది అమలాపురం దగ్గర కొబ్బరి వ్యాపారం. రోజంతా పదిమందితో బేరాలాడాల్సిన మనిషి, మాట్లాడేటప్పుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టాడు. ఇంటికి వెళ్ళి చూస్తే గూట్లో మూడు మౌత్‌వాష్ సీసాలు. "పొద్దున్నే పుక్కిలిస్తాన్రా అబ్బాయ్, తొమ్మిదయ్యేసరికి మళ్ళీ మామూలే" అన్నాడు. సీసాలోని మందు నోటి వాసనని కొన్ని గంటలు ఆపగలదు. వాసన పుట్టే చోటు శుభ్రం కాకపోతే మళ్ళీ పుడుతుంది. అందుకే మౌత్‌వాష్ వంతు చివర్లో రావాలి.

ముందు వాసన ఎక్కణ్ణించో చూసుకోండి

పొట్టలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందికి నోట్లోంచే వస్తుంది. నాలుక వెనక భాగంలో, పన్నుకీ చిగురుకీ మధ్య సందుల్లో గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియా ప్రోటీన్లను విరగ్గొట్టి గంధకపు వాయువులు వదులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి లేవగానే పాచినోరు అందరికీ ఉండేదే. తోముకున్నా పోకపోతేనే పట్టించుకోవాలి.

శుభ్రమైన చెంచాతో నాలుక వెనకవైపు మెల్లగా గీసి, కొన్ని సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. మన నోటి వాసన మన ముక్కుకి సరిగ్గా తెలియదు, ఇంట్లోవాళ్ళనీ అడగండి. పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి తిన్న వాసనైతే కంగారు పడక్కర్లేదు. అది రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది, ఎంత పుక్కిలించినా దాని టైం అది తీసుకుంటుంది.

నాలుక, ఆ తర్వాత చిగుళ్ళు

మా అమ్మమ్మ వేపపుల్లతో పళ్ళు తోముకున్నాక దాన్ని పారేసేది కాదు. నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దని విల్లులా వంచి నాలుక గీసుకునేది. బ్రష్షులొచ్చాక మనలో చాలామంది ఆ రెండో పని మానేశాం. స్టీలు బద్దయినా, ప్లాస్టిక్‌దైనా పర్లేదు. వీలైనంత వెనకనుంచి ముందుకి లాగండి, తెల్లటి పొర వస్తుంది. బద్ద కడిగి మళ్ళీ లాగండి, నాలుగైదుసార్లు చాలు. వాంతి వచ్చేలా ఉంటే ఊపిరి వదులుతూ గీయండి. రక్తం వచ్చేలా గీకొద్దు.

చిగుళ్ళ దగ్గర గార గట్టిపడితే బ్రష్షుకి రాదు, మౌత్‌వాష్‌కి అసలే కరగదు. మామయ్య సంగతి అదే. తోముకునేటప్పుడు నురగలో ఎర్రటి చార కనపడుతున్నా వేడి చేసిందని వదిలేశాడు. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని భయం కూడా. నిజానికి పళ్ళని కదిలించేది ఆ గార వల్ల ముదిరే చిగుళ్ళ జబ్బే. రెండు విడతల్లో క్లీనింగ్ చేయించాక తువ్వాలు భుజం మీదకి చేరింది. ఖర్చుకి వెనకాడేవాళ్ళు భీమవరం, రాజమండ్రిల్లోని డెంటల్ కాలేజీల్లో కనుక్కోండి, మామూలుగా అక్కడ తక్కువలో అవుతుంది.

ఇప్పుడు సీసా తీయండి

లేబుల్ మీద సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ గానీ, జింక్ గానీ ఉందేమో చూడండి. మొదటిది బ్యాక్టీరియాని తగ్గిస్తుంది, జింక్ ఆ గంధకపు వాయువుల్ని పట్టేస్తుంది. ఆల్కహాల్ లేనిది మేలు, ఎండాకాలం అసలే ఆరిపోయే నోటిని ఆల్కహాల్ ఇంకా ఎండగడుతుంది.

మూతతో కొలిచి లేబుల్ మీద చెప్పినంతే పోసుకోండి, చాలావాటికి 10 మిల్లీలీటర్ల నుంచి 20 దాకా ఉంటుంది. అరనిమిషం నోరంతా తిప్పి, చివర్లో తల వెనక్కి వాల్చి గొంతు దగ్గర గరగరలాడించి ఉమ్మేయండి. వెంటనే నీళ్ళతో కడగొద్దు, అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. ఆరేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకండి, మింగేస్తారు.

క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది గట్టి మందు. డాక్టర్ చెప్తేనే, మామూలుగా రెండువారాల లోపే వాడాలి. ఎక్కువైతే పళ్ళకి గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకి రుచి మారుతుంది. టూత్‌పేస్ట్‌లోని నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు కాబట్టి తోముకున్నాక అరగంట ఆగి పుక్కిలించాలి.

కట్టుడు పళ్ళున్నవాళ్ళు రాత్రి తీసి, తోమి, నీళ్ళలో వేసి పడుకోండి. లంక పొగాకు చుట్ట కాల్చేవాళ్ళకీ, ఖైనీ పెట్టేవాళ్ళకీ ఏ సీసా పనిచేయదు, అలవాటు మానాల్సిందే. నోట్లో పుండు రెండువారాలకీ మానకపోతే వెంటనే చూపించుకోండి.

ఇవన్నీ రెండుమూడు వారాలు చేసినా వాసన తగ్గకపోతే పిప్పిపన్ను, టాన్సిళ్ళలో గడ్డలు, సైనస్, షుగర్ ఉన్నాయేమో చూపించుకోవాలి. ఆ రోజు మాత్రం మౌత్‌వాష్ వాడకుండా వెళ్ళండి. వాసన దాచేసి వెళ్తే డాక్టర్‌గారికి అసలు సంగతి అందదు.