అగ్రిమెంట్ మీద భూమి కేసు వేస్తున్నారా? ముందు మీ కాగితాలు ఇలా సరిచూసుకోండి

నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు భూముల ధరలు పెరిగాక పాత అగ్రిమెంట్లు బీరువాల్లోంచి బయటికి వస్తున్నాయి. అమ్ముతానని డబ్బు తీసుకున్న మనిషి రిజిస్ట్రేషన్‌కు రానంటే కోర్టుకు వెళ్లాల్సిందే. కానీ కేసు గట్టిగా ఉండాలని ఒక్క అబద్ధం కలిపినా, న్యాయంగా రావాల్సింది కూడా చేజారుతుంది. ఒప్పందం అమలు చేయించమనో, ఇంజంక్షన్ (ఎదుటివారిని ఆపే కోర్టు ఉత్తర్వు) ఇమ్మనో అడిగేవారి నడవడికను కూడా కోర్టు చూస్తుంది.

మొదట స్టాంపు పేపర్ వెనక్కి తిప్పండి. అక్కడ వెండర్ ముద్ర, నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. ముందు పక్క అగ్రిమెంట్ తేదీ జనవరి, వెనక పేపర్ అమ్మిన తేదీ మార్చి అయితే ఎదుటి లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. పాత తేదీ వేసిన కాగితాన్ని దయచేసి కోర్టుకు తీసుకెళ్లకండి.

తర్వాత డబ్బు లెక్క. 4 లక్షలు ఇచ్చి 9 లక్షలు ఇచ్చామని రాయించుకున్నారనుకుందాం. ఆ అయిదు లక్షలు ఎక్కడివో చూపలేకపోతే, నిజంగా ఇచ్చిన నాలుగు మీద కూడా నమ్మకం పోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌కూ రసీదుకూ పొంతన ఉన్నంతే దావాలో రాయండి. ఒప్పందాల అమలు గురించి చెప్పే నిర్దిష్ట ఉపశమన చట్టానికి (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 2018లో చేసిన సవరణతో ఒప్పందం అమలులో కోర్టు విచక్షణ తగ్గింది కదా, ఇక పర్వాలేదని కొందరు అంటారు. అది సగం నిజమే. ఒప్పందం విషయంలో మోసం చేసినవారికి అమలు కోరే హక్కు లేదని అదే చట్టం 16వ సెక్షన్ ఇప్పటికీ చెబుతోంది.

ఆ సర్వే నంబరుకు ఈసీ (భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), పహాణీ (సాగు, హక్కుల రెవెన్యూ రికార్డు) తీయించండి. మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితం దొరికితే దాన్ని కూడా లాయర్ చేతిలో పెట్టండి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు దాచడం. ఆస్తిపై హక్కు వదులుకుంటూ తానే రాసిచ్చిన విడుదల పత్రాన్ని దాచి ఒకాయన డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకుంటే, అలా మోసంతో పొందిన డిక్రీ చెల్లదని 1993లో చెంగల్వరాయ నాయుడు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

భూమి ఎదుటివారి సాగులో ఉంటే, మన కబ్జాలోనే ఉందని చెప్పి అర్జెంటుగా ఇంజంక్షన్ తేకండి. ఎదుటివారికి నోటీసు లేకుండా వచ్చిన ఆర్డర్‌ను, ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పారని తేలితే కోర్టు ఎత్తేస్తుంది.

మోసం చేసింది ఎదుటివారైతే? వాళ్లు వేరే ఊళ్లో ఎవరినో ముంచారన్నది ఇక్కడ పనికిరాదు, ఈ భూమి విషయంలో ఏం చేశారో చెప్పాలి. ఉత్తగా 'మోసం' అని రాస్తే చాలదు. ఎవరు, ఏ తేదీన, ఏ కాగితంతో, ఏం దాచారో వివరంగా రాయాలి. దొంగ దస్తావేజు రద్దు కోరాలంటే సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. అందుకే ఆ దస్తావేజు నకలు చేతికి అందిన తేదీ తెలిపే రసీదును పారేయకండి.