పాత కారు రంగుకు పాలిష్, వ్యాక్స్ ఎలా చేయాలి?

నలభై, యాభై ఏళ్ల నాటి కారు బానెట్ మీద చేయి రాస్తే అరచేతికి సుద్దలా పొడి అంటుకుంటుంది. ఇక రంగు పోయినట్టే, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే అని చాలామంది అక్కడే తేల్చేస్తారు. తొందరపడకండి. ఎండకు, గాలికి పాడైంది చాలాసార్లు పైపైన ఉన్న పలుచటి పొరే. దాని కింద అసలు రంగు ఇంకా బతికే ఉంటుంది. ఆ పైపొరను తీసేసి కింది రంగును బయటికి తేవడమే పాలిష్. అంటే పాలిష్ చేసిన ప్రతిసారీ కొంత రంగు అరిగిపోతుందన్నమాట. ఫ్యాక్టరీలో వేసిన ఆ రంగు మళ్లీ రాదు. అందుకే వీలైనంత తక్కువ అరగదీసి మెరుపు రప్పించాలి. కింద చెప్పేదంతా అందుకోసమే.

మీ కారుకున్నది ఏ రకం రంగు?

ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. అది బాగా వాడుకలోకి వచ్చింది 1980లలో. అంతకు ముందటి కార్లలో చాలావాటికి రంగూ మెరుపూ రెండూ ఒకే పొరలో ఉంటాయి. దీన్ని సింగిల్ స్టేజ్ పెయింట్ అంటారు. అందులోనూ ల్యాకర్, ఎనామెల్ అని రకాలున్నాయి. ల్యాకర్ ఎంత పాతదైనా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కాబట్టి థిన్నర్, స్పిరిట్ లాంటివాటిని దాని దరికి రానివ్వకండి.

తెలుసుకోవడం తేలిక. మెత్తటి తెల్ల గుడ్డకు కాస్త పాలిష్ అద్ది, డోర్ కింది భాగంలో పెద్దగా కనబడని చోట నాలుగైదుసార్లు రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. మెరూన్ కారు మీదైతే ఎర్ర సిరా ఒలికినట్టు మరక పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు గానీ అది మామూలే. రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. ఈ పరీక్ష ప్రతి ప్యానెల్ మీదా విడివిడిగా చేయాలి, ఎందుకంటే మధ్యలో ఎప్పుడో ఒక డోర్‌కో మడ్‌గార్డ్‌కో మళ్లీ పెయింట్ వేయించి ఉండవచ్చు.

ఆ తర్వాత పెయింట్ మందాన్ని కొలిచే మీటర్ దొరికితే తప్పకుండా వాడండి. ఇది మైక్రాన్లలో చూపిస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫ్యాక్టరీ పెయింట్ ప్రైమర్‌తో కలిపి సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 80కి దిగువన కనబడితే ఆ చోట కాంపౌండ్ (రంగును ఎక్కువగా అరగదీసే గరుకు పాలిష్) మాటే ఎత్తకండి. 300 దాటితే మళ్లీ పెయింట్ వేసి ఉండాలి, లేదా కింద పుట్టీ ఉండాలి. మామూలు మీటర్ ఇనుప బాడీకే పనిచేస్తుంది. అల్యూమినియానికి వేరే రకం కావాలి.

రంగులో ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు కనిపిస్తే అక్కడ పాలిష్ వద్దు. పగుళ్లు పోవు సరికదా, పాలిష్ వాటిలో దిగి ఎండి తెల్లటి గీతలుగా మిగిలిపోతుంది.

కడగడం, క్లే

నీడలోనే కడగండి. బాడీ మీద చేయి ఆనిస్తే చల్లగా తగలాలి. ఒక బకెట్‌లో కారు షాంపూ, మరో బకెట్‌లో మంచినీళ్లు పెట్టుకుని, గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాకే షాంపూలో ముంచండి. పైనుంచి కిందికి రండి. పాత రబ్బరు బీడింగ్‌ల మీద నీళ్లు జోరుగా కొట్టకండి. లోపలికి దిగిన నీళ్లు తుప్పు పట్టిస్తాయి.

ఆరాక చేతికి పలుచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని రంగు మీద వేళ్లు నడపండి. గరగరలాడితే క్లే బార్ అవసరం. రంగుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద అది. జారుడు కోసం లూబ్రికెంట్ బాగా చల్లి, నొక్కకుండా అటూ ఇటూ జార్చాలి. క్లే కింద పడితే ఇక దాన్ని వాడకండి, అంటుకున్న ఇసుక రేణువు ఒక్కటి చాలు బానెట్ పొడుగునా గీత పెట్టడానికి.

ఎండిన రంగుకు ముందు నూనె పట్టించండి

సింగిల్ స్టేజ్ రంగు బాగా పొడిబారి ఉంటే నేరుగా కాంపౌండ్ పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. నూనెలు ఎక్కువగా ఉండి, అరగదీసే పొడి లేని పాలిష్‌లు ఉంటాయి. వాటిని గ్లేజ్ అంటారు. దాన్ని ధారాళంగా పూసి, కాటన్ టవల్ గుడ్డతో గట్టిగా రుద్ది, ఆపైన మరో పూత పూసి రాత్రంతా వదిలేయండి. పొడి నేల మీద వాన పడ్డట్టు ఆ రంగు నూనెను పీల్చుకుంటుంది. తెల్లారి తుడిచేసరికి, నిన్న గులాబీ రంగులోకి తిరిగిన ఎరుపు మళ్లీ ఎరుపుగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఇంతటితోనే సగం పని అయిపోతుంది, అరగదీయాల్సింది చాలా తగ్గుతుంది. ఎరుపు రంగులకు దీని ఫలితం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. త్వరలో మళ్లీ పెయింట్ వేయించే ఉద్దేశం ఉంటే మాత్రం సిలికాన్ ఉన్నవి వాడకండి, కొత్త రంగులో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

పాలిష్

రబ్బరు, క్రోమ్, బ్యాడ్జీలు, పదునైన అంచులు అన్నిటి మీదా మాస్కింగ్ టేప్ వేయండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

కొత్తవాళ్లకు డ్యుయల్ యాక్షన్ పాలిష్ మెషిన్ మంచిది. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పెరగదు. ఊగకుండా ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ మెషిన్ చేయి తిరిగినవాళ్లకే. నేను మొదట్లో అరువు తెచ్చిన రోటరీతో ఒక బానెట్ మొదలుపెట్టాను. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గీత మీద టేప్ వేయలేదు. ప్యాడ్ అక్కడ రెండు క్షణాలు ఆగిందో లేదో, గోరంత పొడుగున బూడిదరంగు ప్రైమర్ తేలింది. ఆ కారు రంగు అంతకాలం చెక్కుచెదరకుండా నిలిచింది, నా చేతిలో పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అంచుల మీద, గీతల మీద రంగు ఎప్పుడూ పలుచగానే ఉంటుంది. టేప్ తీశాక ఆ చోట్లను చేత్తోనే, తేలిగ్గా రుద్దండి.

కారంతా మొదలుపెట్టే ముందు రెండడుగుల చదరం చోటు ఎంచుకుని పరీక్షించండి. మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా నున్నటి పాలిష్‌తో ప్రారంభించాలి. చాలకపోతే పాలిష్ మార్చండి, ఆ తర్వాతే ప్యాడ్ మార్చండి. కాంపౌండ్ ఆఖరి ఆయుధం.

ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు వేసి, మెషిన్ తిప్పకముందే రంగు మీద అద్దండి. తక్కువ వేగంతో పరిచి, తర్వాత మధ్య వేగానికి పెంచండి. చేయి మాత్రం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. ఒక వరుస మీద సగం కప్పేలా రెండో వరుస, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఇలా నాలుగైదుసార్లు నడిపి తుడిచి, పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. సింగిల్ స్టేజ్ మీద ప్యాడ్ త్వరగా రంగుతో నిండిపోతుంది. ప్రతి చోటుకీ బ్రష్‌తో శుభ్రం చేయండి, లేదంటే ఆ ముద్దే కొత్త గీతలు పెడుతుంది. మెటాలిక్ సింగిల్ స్టేజ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అందులోని అల్యూమినియం రేకులు కూడా లేచి వచ్చి, రంగు మచ్చలు మచ్చలుగా తేలవచ్చు.

గోరు ఆనిస్తే తగిలేంత లోతు గీతలుంటే వదిలేయండి. వాటి అడుగు దాకా వెళ్లాలంటే చుట్టూ ఉన్న రంగంతా దిగిపోవాలి. సాలెగూడులాంటి సన్నగీతలు పోతే చాలు, కారు నిగనిగలాడుతుంది.

వ్యాక్స్

పాలిష్ మెరుపు తెస్తుంది, వ్యాక్స్ దాన్ని కాపాడుతుంది. కార్నౌబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. సుమారు 82 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగదు. అంత గట్టిది కాబట్టే డబ్బాలో దాన్ని నూనెలతో, ద్రావకాలతో కలిపి మెత్తగా అందిస్తారు. మైనానికి బదులు వాడే కృత్రిమ పూత, సింథటిక్ సీలెంట్, ఎక్కువ నెలలు నిలుస్తుంది. కానీ పాత సింగిల్ స్టేజ్ రంగు మీద కార్నౌబా తెచ్చే లోతు, వెచ్చదనం నాకు సీలెంట్‌లో కనిపించలేదు.

ఫోమ్ ప్యాడ్‌తో వీలైనంత పలుచగా, ఒక్కో ప్యానెల్ చొప్పున పూయండి. మందంగా పూస్తే తుడవడం కష్టమవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆరిందో లేదో తెలియాలంటే వేలితో ఒకసారి గీయండి. వేలు నడిచిన దారి శుభ్రంగా మెరిస్తే తుడవచ్చు, జిడ్డుగా అలుక్కుపోతే ఇంకాసేపు ఆగాలి. మైక్రోఫైబర్ గుడ్డను మడిచి, మడత మారుస్తూ తుడవండి. ఈమధ్యే పెయింట్ వేయించిన ప్యానెల్ ఉంటే, పెయింటర్ చెప్పిన గడువు దాటేదాకా దానికి వ్యాక్స్ పెట్టకండి. లోపలి ద్రావకాలు బయటికి పోవాలి. అందుకు మామూలుగా 30 నుంచి 90 రోజులు పడుతుంది.

రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ మాత్రం కొత్తగా పెడుతూ ఉండండి. అది రంగును అరగదీయదు. పాలిష్ చేసిన తేదీ, ఏ ప్యాడ్, ఏ పాలిష్ వాడారో, ఒక్కో ప్యానెల్ మీద మీటర్ ఎంత చూపిందో ఒక చిన్న పుస్తకంలో రాసి కారు కాగితాలతో పాటు ఉంచండి. మీ తర్వాత ఆ కారును చూసుకునేవాళ్లు ముందుగా ఆ అంకెలే వెతుక్కుంటారు.