నీళ్లు వెనక్కి కూడా లాగుతాయి: ఇంట్లో, చేలో చూసుకోవాల్సినవి

మేముండేది గుంటూరు కొరిటెపాడులో, అపార్ట్‌మెంట్‌లో. సంపు కడిగించడం నుంచి బ్లీచింగ్ కలపడం దాకా అసోసియేషన్ తరఫున నేనే చూస్తాను. పొలం దుగ్గిరాల వైపు, కాలువ కింద. ఇక్కడ తాగడానికైనా, అక్కడ వరికైనా ఆధారం కృష్ణే. నీళ్లు పాడైతే అందరూ ముందు నదినో, ఫిల్టర్ బెడ్లనో అనుమానిస్తారు. మన గుమ్మం ముందు, మన బోరు దగ్గర ఏం జరుగుతోందో చూడరు. మురికి చాలాసార్లు కలిసేది అక్కడే, అదీ మన మోటారు లాగితేనో, ఆగితేనో.

ముందు ఇంటి సంగతి. మునిసిపల్ కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించకండి. పంపులు వచ్చేది రోజులో కొంతసేపే. మిగతా సమయమంతా గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఆ గొట్టాలు చాలా వీధుల్లో సైడు కాలువల పక్కనుంచో, వాటి అడుగునుంచో పోతాయి. మోటారు వేయగానే గొట్టం లోపల ఖాళీ ఏర్పడి, ఎక్కడ చిన్న పగులున్నా, జాయింటు వదులైనా అక్కడి మురుగును లోపలికి పీల్చేస్తుంది. అది మీ ఇంటితో ఆగదు, వీధిలో అందరి బిందెల్లోకీ వెళ్తుంది. మా పక్కవాటా పిన్నిగారు ఓసారి అడిగారు, "మోటారు పెట్టకపోతే నీళ్లు పైకెలా ఎక్కుతాయమ్మా?" అని. నేల మట్టానికి చిన్న సంపు కట్టుకోండి, నీళ్లను వాటి ఒత్తిడితో అవే అందులో పడనివ్వండి, పైకి ఎక్కించే మోటారు ఆ సంపు నుంచి పెట్టండి. ఇంతకు మించిన దారి లేదు.

వీధి లైను నుంచి మీ ఇంట్లోకి వచ్చే గొట్టం సైడు కాలువను ఎక్కడ దాటుతోందో ఒకసారి దగ్గరుండి చూడండి. పాత ఇనప గొట్టమైతే సరిగ్గా అక్కడే తుప్పు పడుతుంది. కాలువ దాటే మేర జాయింటు లేని ఒకే ముక్క వేయించి, దానికి పైన ఇంకో పెద్ద గొట్టం తొడిగించండి. ప్లంబరుకు పెద్ద పనేం కాదు.

క్లోరిన్ విషయంలో అందాజా లెక్కలు వద్దు. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే ఐదు వేల లీటర్ల సంపుకు 12.5 గ్రాములు. వంటింటి తూకంలో తూచండి. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేటను మాత్రమే సంపులో పోయాలి. కనీసం అరగంట ఆగాలి. తర్వాత క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపించే చిన్న పరికరం) కుళాయి దగ్గర చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలి. పౌడర్ మంచిదే అయ్యుండి అంతకన్నా తక్కువ చూపిస్తే ఎక్కడో మురికి దాన్ని తినేస్తోందని అర్థం. మందు పెంచడం తర్వాత, ముందు ఆ మురికి ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో శక్తి ఉండదు. బురద నీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు, కాబట్టి ముందు పటికతో తేర్చండి.

టీడీఎస్ మీటరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దని అందరికీ చెబుతుంటాను. అది లవణాలను కొలుస్తుంది, క్రిములను కాదు. మీటరు 150 చూపించిన నీళ్లలోనూ విరేచనాలు తెప్పించే క్రిములు ఉండొచ్చు. అసలు టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటి ఇబ్బందులు లేకపోతే ఆర్‌వో అక్కర్లేదు. మరిగించి తాగితే చాలు. ఆర్‌వో ఒక లీటరు ఇవ్వడానికి మామూలుగా రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఇప్పటికే ఉంటే ఆ వదిలే గొట్టాన్ని బకెట్లో పెట్టి నేల తుడవడానికి వాడండి. బోరు నీళ్లయితే మాత్రం ఆ ఉప్పంతా మొక్కలకు పోయొద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. అలా వరద నీరు చేరిన సంపును ఖాళీ చేసి నింపేసుకుంటే సరిపోదు. నీళ్లు, బురద తోడేసి, గోడలు రుద్ది కడిగి, మళ్లీ నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచాలి. మర్నాడు ఆ నీళ్లు పారబోసి, కడిగి, అప్పుడు వాడుకోవాలి. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చాకే లోపలికి దిగాలి, అదీ పైన ఇంకో మనిషి ఉన్నప్పుడే.

వాన నీటి లెక్క తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే రెండు వేల లీటర్లు. గుంటూరులో ఇంకుడు గుంత తవ్వేటప్పుడు నల్లరేగడిలోనే ఆపేయకండి. ఆ మట్టి తడిసి ఉబ్బితే నీళ్లు దిగవు. కింద నీళ్లు ఇంకే గరప నేల తగిలేదాకా పోవాలి. సెప్టిక్ ట్యాంకుకు కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి. డాబా నీళ్లను వడకట్టకుండా నేరుగా బోరులోకి మాత్రం దింపొద్దు.

చేను దగ్గరా ఇదే పీల్చుడు. మిరపకు మందు కొట్టేటప్పుడు బోరు గొట్టం కొసను మందు డ్రమ్ములో ముంచి నింపుతారు. మధ్యలో కరెంటు పోతే గొట్టంలో నీళ్లు వెనక్కి జారుతూ డ్రమ్ములో మందును బోరులోకి లాక్కుపోతాయి. గొట్టం కొస డ్రమ్ము అంచుకు జానెడు పైన ఉండాలి. డ్రిప్పులో ఎరువు వదిలేవాళ్లు నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోవాలి. మందు డబ్బాను మూడుసార్లు నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా స్ప్రేయర్లోనే పోసి ఆ చేలోనే కొట్టేయండి. కాలువలో స్ప్రేయర్ కడగొద్దు. ఆ డబ్బాకు చిల్లులు పొడవండి, లేకపోతే ఎవరో ఒకరు నీళ్లు పట్టుకుంటారు.

వరికి ఎప్పుడూ నిలవ నీరు ఉండాలన్నది మన పట్టుదలే. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం అడుగు పొడవు కోసి, కింది సగానికి చిల్లులు వేసి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టొచ్చు. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే తడి ఇవ్వండి, 5 సెంటీమీటర్లు నిలిచేదాకా. ఒక ఎకరానికి అలాంటి ఒక్క తడి తగ్గితే మిగిలేది రెండు లక్షల లీటర్లు. వెన్ను తీసి పూత పట్టే రోజుల్లో మాత్రం మడి ఆరనివ్వకండి, అప్పుడు ఆరితే తాలు గింజలే. రేపల్లె వైపు చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకొస్తుంది. సార్వా (ఖరీఫ్) వరి కోతకు ముందు మినుము చల్లేవాళ్లకు నేలలో మిగిలిన తేమే పంటనిస్తుంది, దాళ్వా (రబీ) వరిలా నీళ్ల కోసం టెన్షన్ ఉండదు.

ఇక ఊరి మంచినీళ్ల చెరువు. కాలువల్లో నీళ్లు ఆపేసే ముందు చెరువు నిండిందో లేదో పంచాయతీలో అడగండి. గట్టు మీదికి గేదెలు రాకుండా కంచె వేయించండి, బట్టలుతికే చోటు విడిగా పెట్టించండి, ఆ చెరువులో చేపలకు కోళ్ల వ్యర్థాలు వేయనివ్వకండి. వేసవి తర్వాత కాలువకు నీళ్లు వదిలినప్పుడు, అడుగున ఎండిన చెత్తంతా మొదటి నీటితో కొట్టుకొస్తుంది. ఆ నీరు దిగువకు పోయి, కాలువ తేటపడ్డాకే చెరువు తూము ఎత్తించండి.