టక్కరి, గడసరి, నంగనాచి: సరైన మాటను ఎంచుకోవడం ఎలా

ఒక మనిషి కపటాన్ని వర్ణించబోయే ముందు, అతడు దాచిపెడుతున్నది ఏమిటో, దానివల్ల నష్టపోయేది ఎవరో తేల్చుకోవాలి. ఎవరినీ నొప్పించకుండా, ఎవరికీ హాని తలపెట్టకుండా తన పని చక్కబెట్టుకునేవాడికి లౌక్యుడు అన్న మాట చాలు. అతణ్ణి జిత్తులమారి అంటే అన్యాయమే అవుతుంది. గడసరి అనే మాటలో నిందకంటే మెచ్చుకోలు పాలే ఎక్కువ కాబట్టి, బేరంలో మనల్ని ఓడించిన కూరగాయలమ్మే అవ్వను సైతం నవ్వుతూ అలా అనవచ్చు. జిత్తులమారి, టక్కరి అన్నప్పుడు మాత్రం ఎదుటివాణ్ణి మోసగించే ఉద్దేశం ఉండి తీరాలి.

నంగనాచి దగ్గర కొంచెం ఆగాలి. డబ్బాలోని సున్నుండలు తానే తినేసి, మూతికి అంటిన పిండి తుడుచుకుని, "అయ్యో, ఎవరు తిన్నారమ్మా?" అని అందరికంటే ముందు అడిగే పిల్ల నంగనాచి. ఇక్కడ అసలు విషయం దొంగతనం కాదు, అమాయకత్వపు నటన. ఆ నటన లేనిచోట ఈ మాట వాడకూడదు. దీన్ని ఆడవారికే ఎక్కువగా అంటగట్టడం మన వాడుకలోని పక్షపాతమని నా అభిప్రాయం. మగ నంగనాచులకేమీ కొరత లేదు.

కనబడకుండా పాకే కుట్రకు చాప కింద నీరు, మంచితనం ముసుగు వేసుకున్న క్రూరుడికి మేకవన్నె పులి సరిపోతాయి. 1897లో అచ్చయిన గురజాడ కన్యాశుల్కంలోని గిరీశాన్ని ఈ తూకంలో వేసి చూడండి: సంస్కరణల గురించి ఉపన్యాసాలు దంచుతూనే తన స్వార్థం చూసుకునే అతడు టక్కరే గానీ, మేకవన్నె పులి అనదగినంత క్రూరుడు కాడు.