ప్రకటనలోంచి అక్షరాలు చెరిపేసి చూడడం ఎలా?

అమెరికన్ కళాకారుడు హ్యాంక్ విల్లిస్ థామస్ ‘అన్‌బ్రాండెడ్’ పేరుతో చేసిన పని వినడానికి చాలా చిన్నది. నల్లజాతి వాళ్లను చూపిస్తూ 1968 నుంచి 2008 దాకా వచ్చిన ప్రకటనలను ఏడాదికి రెండు చొప్పున ఏరుకున్నాడు. వాటిలోని నినాదాలు, లోగోలు కంప్యూటర్‌లో చెరిపేశాడు. అంతే. సరుకు పేరు పోయేసరికి, నల్లవాళ్ల గురించి ఆ ప్రకటనలు ఏమనుకుంటున్నాయో బట్టబయలైంది. ఇదే పని ఇంట్లో మనమూ చేసి చూడవచ్చు.

ముందు ప్రకటన దొరకాలి. అబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లోనో పాత వారపత్రికలు తిరగేయండి. ముఖం తెల్లబరిచే క్రీముల ప్రకటనలు దీనికి చక్కగా పనికొస్తాయి. అమెరికాలోని జాతి వివక్ష, మన ఒంటిరంగు పిచ్చి ఒకటి కావు గానీ, బొమ్మ మనసుకెక్కే దారి మాత్రం రెండుచోట్లా ఒకటే.

చెరిపే ముందు నినాదం, సరుకు పేరు, సంవత్సరం వేరే కాగితం మీద రాసుకోండి. పగటి వెలుగులో, మెరుపు పడకుండా ఫొటో తీయండి. అసలు కాగితాన్ని ముట్టుకోవద్దు.

ఇక చెరపడం. ఫోనులోని ఫొటో యాప్ చాలు. అక్షరాలున్న చోట తెల్ల మచ్చ మిగిలితే పని చెడినట్టే. చూసేవాళ్ల కన్ను బొమ్మను వదిలి అక్కడే ఆగిపోతుంది. వెనకాల గోడ ఉంటే గోడ రంగు, చీర ఉంటే చీర మడత నింపండి. మనుషుల జోలికి మాత్రం పోకండి.

ఇప్పుడు తీరిగ్గా చూడండి. వెలుగు ఎవరి మీద పడుతోంది? ఎవరు నిలబడ్డారు, ఎవరు వంగి ఉన్నారు? ‘ముందు, తర్వాత’ ముఖాల్లో సాధారణంగా మొదటి అమ్మాయి తల దించుకుని దిగులుగా ఉంటుంది, రెండో ముఖం నవ్వుతుంది. క్రీము పేరు లేకుండా చూస్తే, నల్లగా ఉండడమే దిగులుకు కారణమని బొమ్మ చెబుతోందని తెలిసిపోతుంది. 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ కాస్తా ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పేరు మారితే బొమ్మ మారిందా లేదా అన్నది ఇలా చెరిపి చూసి తేల్చుకోవలసిందే.

చెరపడం నచ్చకపోతే చేర్చండి. 1972లో బెటీ సార్ అనే అమెరికన్ నల్లజాతి కళాకారిణి అదే చేసింది. ఆంట్ జెమీమా అట్లపిండి ప్రకటనలు నవ్వు ముఖపు నల్ల వంటమనిషిని ఏళ్ల తరబడి అమ్ముకున్నాయి. అలాంటి బొమ్మను బెటీ ఒక పెట్టెలో నిలబెట్టి, ఒక చేతిలో చీపురు ఉంచి, రెండో చేతికి తుపాకీ ఇచ్చింది. వెనక గోడంతా ఆ పిండి ప్యాకెట్ మీది ముఖమే. నవ్వు అలాగే ఉంది, ఇప్పుడు భయపెడుతుంది.

మీ బొమ్మ ఎవరికైనా చూపించేటప్పుడు, ఇది ఏ సరుకు ప్రకటన అయి ఉంటుందో చెప్పమనండి. వాళ్లు చెప్పిందంతా రాసుకున్నాకే అసలు కాగితం బయటికి తీయండి.