పాత కారులో బ్లూటూత్: మోగకపోయినా, గుయ్‌మన్నా, మీ మాట అవతలికి వినపడకపోయినా

పాత కారుకు బ్లూటూత్ తగిలించాలంటే మామూలుగా మూడు దారులు: సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చితే ఫోన్ పాటను కారు రేడియోకు పంపే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, ఆక్స్ (బయటి పాటను వైరుతో స్టీరియోకు ఇచ్చే) రంధ్రంలో పెట్టే చిన్న రిసీవర్, లేదంటే పాత స్టీరియో పీకేసి కొత్తది బిగించడం. ఏది పెట్టినా తిట్లు తినేది బ్లూటూతే. తప్పు మాత్రం చాలాసార్లు కరెంటులోనో, ఎర్త్‌లోనో, మైకు పెట్టిన చోటులోనో ఉంటుంది. వస్తువు మార్చే ముందు లక్షణం చూడండి.

పాటలు వస్తున్నాయి, కాల్ మాత్రం ఫోన్లోనే మోగుతోంది

కాల్స్‌కి ఒక దారి, పాటలకు ఇంకో దారి. మొదటిదాన్ని హెచ్‌ఎఫ్‌పీ అంటారు, రెండోదాన్ని ఏ2డీపీ. పెయిరింగ్ ఒక్కసారే చేస్తాం కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ పరికరం పేరు పక్కనున్న గుర్తు నొక్కితే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్‌కి, మీడియాకి వేర్వేరు మీటలు కనిపిస్తాయి. ఆగిపోయినదాన్ని ఆన్ చేయండి. కాల్స్ మీటే కనపడకపోతే ఆ రిసీవర్ పాటలకు మాత్రమే చేసినదై ఉండొచ్చు. మైకు లేని రిసీవర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కారుతో పాటు వచ్చిన తొలినాళ్ల బ్లూటూత్‌లలో చాలావాటికి కాల్స్ తప్ప పాటలు రావు. వాటికి ఆక్స్ రిసీవర్ విడిగా పెట్టుకోవాల్సిందే.

కాల్ రాగానే శబ్దం బొంగురుపోతే కంగారు పడకండి. కాల్ దారిలో వెళ్లేది ఒంటి చానల్, పాటకంటే తక్కువ నాణ్యతతో: మామూలుగా సెకనుకు 8,000 లేదా 16,000 శాంపిళ్లే. అది లోపం కాదు.

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుయ్‌మనే మోత పెరుగుతోంది

ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. రిసీవర్‌కు కరెంటు సాకెట్ నుంచి వస్తుంది, పాట ఆక్స్ వైరు గుండా స్టీరియోకు వెళుతుంది. సాకెట్ ఎర్త్ ఒకచోట, స్టీరియో ఎర్త్ మరోచోట బాడీకి తగిలి ఉంటాయి. ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజి తేడా, ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) రొదను వెంటబెట్టుకుని ఆక్స్ వైరులోకి దూరుతుంది. ఇంజను వేగంతో పాటు మోత పెరిగేది అందుకే.

నిర్ధారించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. రిసీవర్‌ను సాకెట్ నుంచి తీసి పవర్‌బ్యాంక్‌కి తగిలించండి. మోత ఠక్కున ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆక్స్ వైరు మధ్యలో, ఈ మోతను అడ్డుకునే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. అందులో ఉండేవి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. నాసిరకమైతే పాటలో బేస్ పలచబడుతుంది. ఓపిక ఉంటే రిసీవర్‌కు కరెంటు, ఎర్త్ రెండూ స్టీరియో వెనక నుంచే ఇవ్వడం ఇంకా మంచి పని. ఆక్స్ వైరు పీకేసినా మోత పోకపోతే, స్టీరియో ఎర్త్ దగ్గర తుప్పు గీకి, బోల్టు గట్టిగా బిగించి చూడండి.

ఇంజనుతో సంబంధం లేకుండా సన్నగా సుయ్‌మంటుంటే కారణం వేరు: ఫోన్ వాల్యూమ్ తగ్గించి స్టీరియోది పెంచారు. ఫోన్‌ది దాదాపు నిండుగా పెట్టి, కారుది తగ్గించండి.

అవతలివాళ్లు "నూతిలోంచి మాట్లాడుతున్నావా?" అంటున్నారు

రిసీవర్ గేరు లివర్ దగ్గర ఉంటే మైకూ అక్కడే ఉంటుంది, మీ నోరేమో పైన ఎక్కడో. బయటి మైకు పెట్టుకునే వీలున్న పరికరమైతే మైకును సన్‌వైజర్ అంచునో, స్టీరింగ్ వెనక పైభాగంలోనో నోటికి ఎదురుగా పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని ముందు నుంచి లాగొద్దు. బ్యాగ్ విచ్చుకునే దారికి అడ్డు రాకుండా వెనక నుంచి పోనివ్వాలి.

వాళ్ల మాటే వాళ్లకు తిరిగి వినిపిస్తోందంటే తప్పు మీ కారుదే. స్పీకర్ మోత మీ మైకులోకి వెళుతోంది. ముందు వాల్యూమ్ తగ్గించండి, తర్వాత మైకును స్పీకర్‌కు దూరం జరపండి. పరీక్ష బండి ఆపి ఒకసారి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని నడుస్తున్న బండిలో ఇంకోసారి చేయండి. ఆగిన బండిలో ఏ మైకైనా బాగానే పనిచేస్తుంది.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌లో గరగర

87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య స్టేషన్ లేని చోటు వెతికి, ట్రాన్స్‌మిటర్‌నూ, కారు రేడియోనూ దానికే పెట్టండి. దూరప్రయాణంలో ఊరు మారితే ఆ ఖాళీ నిండిపోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. రోజూ వాడే కారుకైతే నేను దీన్ని సిఫారసు చేయను.

కొత్త స్టీరియో ప్రతిసారీ పెయిరింగ్ మర్చిపోతోంది, లేదా పొద్దున్నే బ్యాటరీ డౌన్

కొత్త స్టీరియోలలో సాధారణంగా పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, అది జ్ఞాపకశక్తికి. ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే రావాలి. కొన్ని కార్లలో స్టీరియో వెనక వైర్లు కలిసే కప్లర్లలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. అడాప్టర్ గుచ్చేసి బిగిస్తే తాళం తీయగానే అన్నీ చెరిగిపోతాయి. రెండూ ఎప్పుడూ కరెంటుండే వైరుకే కలిపితే స్టీరియో రాత్రంతా మేలుకునే ఉంటుంది. రంగును నమ్మకండి, మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే పరికరం) పెట్టి చూసి మార్చండి. సాకెట్లో గుచ్చే పరికరమైతే, తాళం తీశాక కూడా లైటు వెలుగుతోందేమో చూడండి; వెలుగుతుంటే దిగేటప్పుడు పీకేయాలి.

వైరింగ్ ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. కారుతో వచ్చిన కొన్ని స్టీరియోలు తర్వాత కోడ్ అడుగుతాయి, ముందే వెతికి పెట్టుకోండి.

కొత్త స్టీరియో వేడెక్కి ఆగిపోతోంది

బాగా పాత కార్లలో స్పీకర్ల నెగటివ్ వైర్లన్నీ ఒకటిగా కలిపో, బాడీకి ఎర్త్ చేసో ఉండొచ్చు. నేటి స్టీరియోలు దీన్ని భరించలేవు, లోపలి ఆంప్లిఫయర్ మాడిపోవచ్చు. వెంటనే ఆపేసి, ప్రతి స్పీకర్‌కూ రెండేసి కొత్త వైర్లు విడివిడిగా లాగించండి.