క్వాడ్రాట్ వేసి మొక్కలు లెక్కపెట్టడం ఎలా

పచ్చికలో ఏ జాతి మొక్కలు ఎన్ని ఉన్నాయో చూపుతో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తప్పే వస్తుంది. ఎత్తైనవీ పూసినవీ కంటికి ఎక్కువగా కనబడతాయి, నేలకు అతుక్కుని పెరిగేవి తప్పించుకుంటాయి. అందుకే నేల మీద కొలిచిన చదరాలు (క్వాడ్రాట్లు) వేసి లెక్కపెట్టాలి.

నాలుగు మేకులు, పురికొస, రెండు పొడవాటి టేపులు, పెన్సిల్ చాలు. గుల్మాలకు (మెత్తని కాండం ఉన్న చిన్న మొక్కలకు) 1 మీ. × 1 మీ. చదరం, పొదలకు 5 × 5, చెట్లకు 10 × 10 వాడటం రివాజు. మీ నేలకు ఏది సరిపోతుందో తేల్చాలంటే 10 సెం.మీ. చదరంతో మొదలుపెట్టి భుజాన్ని 20, 40, 80 సెం.మీ.కు పెంచుతూ పోండి. కొత్త జాతులు కనబడటం దాదాపు ఆగిన చోట ఆ కొలత తీసుకోండి.

చదరాన్ని వెనక్కి తిరిగి విసిరేయడం యాదృచ్ఛికం కాదు, అది నడవడానికి వీలున్న చోటే పడుతుంది. నేల రెండు అంచుల వెంట లంబంగా టేపులు పరిచి, కాలిక్యులేటర్ ఇచ్చిన రెండు యాదృచ్ఛిక సంఖ్యలతో చోటు పట్టండి. 7, 13 వస్తే ఇటు 7 మీటర్లు, అటు 13. అక్కడ ముళ్లున్నా, ఒక్క మొక్కా లేకపోయినా జరపొద్దు. సున్నా కూడా లెక్కే. మేకులు దిగ్గొట్టాక కర్ణాలు రెండూ కొలవండి. 1 మీటరు చదరానికి ఒక్కొక్కటీ 141 సెం.మీ. రావాలి. తేడా వస్తే చదరం పక్కకు ఒరిగినట్టే, వైశాల్యం తగ్గిపోతుంది.

అంచుల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వేరు లోపల ఉంటేనే మొక్క లోపలిది, ఆకు వాలితే కాదు. సరిగ్గా పురికొస కిందే మొక్క మొదలుంటే పై, ఎడమ అంచులవి కలపండి, మిగతా రెండు అంచులవి వదిలేయండి. అన్నీ కలిపేస్తే సాంద్రత (చదరానికి సగటున ఎన్ని మొక్కలు) ఉబ్బుతుంది. చదరం ఎంత చిన్నదైతే ఈ దోషం అంత పెద్దది. పాకే గడ్డిలో ఒక్కో మొక్కను విడదీయలేం కాబట్టి దానికి మాత్రం చదరంలో అది కప్పిన శాతం రాయండి, ఆ అంకెను మొక్కల సంఖ్యతో కలపొద్దు.

ఇక లెక్క. 20 చదరాల్లో ఒక జాతి 5 చదరాల్లోనే కనబడి మొత్తం 40 మొక్కలు వచ్చాయనుకుందాం. సాంద్రత 40 ÷ 20 = 2. సమృద్ధి (జాతి కనబడిన చదరాల్లో సగటు) 40 ÷ 5 = 8. పౌనఃపున్యం (జాతి కనబడిన చదరాల శాతం) 5 ÷ 20 × 100 = 25%. ఇంకో జాతి కూడా 40 మొక్కలే, కానీ 18 చదరాల్లో ఉంది. సాంద్రత అదే 2, సమృద్ధి 2.2, పౌనఃపున్యం 90%. మొదటిది గుంపులు కట్టింది, రెండోది నేలంతా పరుచుకుంది. సాంద్రత ఒక్కటే రాసే రిపోర్టులో ఈ తేడా మాయమవుతుంది. సమృద్ధిని జాతి కనబడిన చదరాలతోనే భాగించాలి, మొత్తంతో భాగిస్తే మళ్లీ సాంద్రతే వస్తుంది.

ఎన్ని చదరాలు వేయాలో ముందే ఖాయం చేయకండి. ఒక్కోటి వేశాక అప్పటిదాకా వచ్చిన సగటు రాసుకుంటూ పోండి. అది ఊగడం తగ్గాక ఇంకొన్ని వేసి ఆపండి. గుంపులు కట్టే జాతులకు ఎక్కువ చదరాలు పడతాయి.